అత్తయ్య కట్టిన చక్రాల పెట్టె

మా వీధి చివర ఎవరో ఇంటికి గేటు పెట్టించుకుంటున్నారు. ఇవాళ మధ్యాహ్నమంతా వెల్డింగ్ జరిగింది. కాలిన ఇనుము వాసన వంటింటి కిటికీలోంచి వచ్చి, పొయ్యి మీది పోపు వాసనను మింగేసింది. గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నాకది ఇనుము వాసనగా తోచలేదు, మనిషి వాసనగా తోచింది. మా అత్తయ్య సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు విడిచి, కాళ్ళకు నీళ్ళు పోసుకోవడానికి వంగినప్పుడు ఆమె జుట్టులోంచి సరిగ్గా ఇదే వాసన వచ్చేది. ఎంత కుంకుడు రసం పెట్టి రుద్దినా పోయేది కాదు. ఆమె పోయాక ఇది రెండో చలికాలం.

అత్తయ్య పేరు పైడమ్మ. శ్రీకాకుళం వైపు నుంచి పెళ్ళి చేసుకుని ఖరగ్‌పూర్ వచ్చిన మనిషి. మామగారు రైలు పెట్టెలు బాగుచేసే వర్క్‌షాపులో పని చేసేవారట. మా ఆయన శ్రీను ఇంకా బడికి వెళ్ళని వయసులో ఉండగానే మామగారు జబ్బు చేసి పోయారు. ఉద్యోగంలో ఉండగా మనిషి పోతే ఇంట్లోవాళ్ళకు రైల్వే ఉద్యోగం ఇస్తుంది కాబట్టి అదే వర్క్‌షాపులో అత్తయ్యకు పని దొరికింది. మొదట్లో ఊడవడం, టీ అందించడం. ఒకరోజు ఆమె మేస్త్రీ దగ్గరికి వెళ్ళి వెల్డింగ్ నేర్పమని అడిగిందట. "చీరకి నిప్పంటుకుంటే?" అన్నాడట ఆయన. "సీర మారుస్తాను గానీ పని మార్చండి" అందట ఈమె. ఆ తరువాత రిటైరయ్యేదాకా మందపాటి నీలం చొక్కా, ప్యాంటు వేసుకుని పెట్టెల అడుగున పడుకుని వెల్డింగ్ చేసింది. ఖరిదా బజారులో కూరలమ్మేవాళ్ళు కూడా ఆమెను పైడమ్మ దీదీ అనే పిలిచేవారు. బేరమాడితే ఎదురు చెప్పేవారు కాదు.

నేను రాజమండ్రిలో డిగ్రీ చదువుకుని ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. నాకు మొదటినుంచీ భయం ఎక్కువ. జాను పుట్టాక అది మరీ ముదిరింది. పిల్ల నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. బయటికి వెళ్తూ తాళం వేసి, మళ్ళీ తీసి, గ్యాస్ కట్టేశానో లేదో చూసేదాన్ని. ఒకసారి అలా రెండోసారి తాళం తీస్తుంటే శ్రీను గుమ్మంలో నిలబడి నవ్వాడు. "అమ్మా, నీ కోడలు తాళం అరిగిపోయీదాకా ఒదలదే" అన్నాడు. అత్తయ్య ఆటోలో కూర్చునే ఉంది. "సూడనీరా. సూస్తే నీ సొమ్మేటి పోద్ది? నాను పెట్టెకింద పడుకున్నన్నాళ్ళూ మా ఫోర్‌మాన్ అలగే మళ్ళీ మళ్ళీ సూసీవోడు. అందుకే ఇలగ కూకున్నాను" అంది. నా భయాన్ని జబ్బుగా చూడని మనిషి ఆ ఇంట్లో ఆమె ఒక్కతే. అలాగని మెత్తన మనిషేం కాదు. ఉప్పు తక్కువైతే "మీ గోదారోలు ఉప్పుని కాశీలో ఒదిలీసినారేటి?" అనేది.

రిటైరైన ఏడాదే ఆమెకు ఆ ఆలోచన వచ్చింది. జీపు వెనక తగిలించుకుని వెళ్ళే చిన్న పెట్టె. లోపల పడుకోవడానికి బల్లలు, వండుకోవడానికి గట్టు, నీళ్ళ ట్యాంకు. ఎక్కడికి కావాలంటే అక్కడికి లాక్కుపోయి, చెట్టు కింద ఆపుకుని, వండుకు తినొచ్చు. "రైలు పాసు ఉంది కదత్తయ్యా, హాయిగా ఏసీలో వెళ్ళొచ్చు కదా" అన్నాను. ఆమె వరండాలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

"పాసులో ఊర్లన్నీ సూసినానమ్మా. కిటికీలోంచి. ఒక్కో కాడ ఏరు కనిపించీది, సెట్లు కనిపించీవి. దిగుదామంటే ఆగదు. ఆగిన కాడేమో దిగడానికేటీ ఉండదు. నాకు ఆగాలనిపించిన కాడ ఆగీ పెట్టె ఒకటి గావాల."

పెరట్లో పని మొదలైంది. ఇనుప చట్రం, దాని మీద రేకు, లోపల ప్లైవుడ్. అంతా ఆమె చేతి మీదే జరిగింది. జాను దూరంగా మెట్టు మీద కూర్చుని, నేను కళ్ళు మూయమన్నప్పుడల్లా మూసుకుని, మెరుపు ఆగగానే తెరిచేది. పెట్టె రూపు దిద్దుకుంటున్నకొద్దీ అది అచ్చం రైలుపెట్టెలాగే అయింది. అవే గుండ్రటి మూలలు, పైకెత్తే కిటికీలు. నీళ్ళ ట్యాంకు కూడా రైలులో ఉన్నట్టే వెనక చివర, పైకప్పు కింద ఎత్తులో పెట్టింది. వంటగట్టూ అక్కడే. తేడా ఒక్కటే. చక్రాలు నడుమన ఒకే ఒక్క జత.

"అత్తయ్యా, రోడ్డు మీద ఊగదు కదా?" అని ఒకరోజు అడిగాను. మామూలుగా నేను ఏం అడిగినా విసుక్కోని మనిషి ముఖం బిగుసుకుంది. ముసుగు అద్దం పైకి నెట్టి నా వైపు చూసింది.

"నాను సేసిన పెట్టెలు కన్యాకుమారి దాకా ఎల్లొచ్చినాయి సుధమ్మా. ఏదీ ఊగనేదు."

నేను వెనక్కి తిరిగి వంటింట్లోకి వచ్చేశాను. నా భయానికి ఆ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క దిక్కుకు కోపం తెప్పిస్తున్నానేమో అనిపించింది.

పెట్టె లోపల కూర్చున్నవాళ్ళు జీపు ఆపమని చెప్పాలంటే ఎలా? దానికీ ఆమె రైలు పద్ధతే పెట్టింది. లోపల కిటికీ పైన ఒక గొలుసు. దాన్ని లాగితే తీగ గుండా జీపులో డ్రైవరు చెవి దగ్గర గంట మోగుతుంది. అది బిగిస్తుంటే శ్రీను పకపకా నవ్వాడు. "దీన్ని ఎవరు లాగుతారో నాకు తెలుసు. పూరీ గేట్ దాటేలోగా లాగకపోతే నా పేరు మార్చుకుంటాను!" జీపు అతని స్నేహితుడు తపన్‌ది. అతనూ నవ్వాడు. "బౌదీ, భయ్ పేయో నా" అని నాకు ధైర్యం చెప్పాడు. భయపడకు వదినా అని. అలా చెప్పినవాళ్ళెవరి వల్లా నా భయం ఎప్పుడూ తగ్గలేదు.

జనవరి చలిలో, పొద్దెక్కాక బయల్దేరాం. సాల్ అడవుల మీదుగా వెళ్ళి సువర్ణరేఖ నది ఒడ్డున వండుకు తిని రావాలని. జీపు శ్రీను నడిపాడు, తపన్ అతని పక్కన కూర్చున్నాడు. పిల్లను నాతో జీపులో కూర్చోబెట్టుకుంటానన్నాను. జాను అప్పటికే నానమ్మ చెయ్యి పట్టుకుని పెట్టె మెట్టెక్కేసింది. దించబోతే ఏడుపు.

"ఎక్కడానికి గాక పెట్టె మరేటికి కట్టినాం?" అంది అత్తయ్య. "మా షాపులో పని సేసినోలే ట్రయల్‌కి ముందెక్కాల. నానెక్కుతాను. నువ్వూ ఎక్కు, పిల్ల నీ ఒళ్ళోనే ఉంటాది."

లాక్కెళ్ళే పెట్టెలో మనుషులు కూర్చోకూడదని ఆ రోజు మాలో ఎవరికీ తట్టలేదు. దారిలో చూసినవాళ్ళూ చేతులూపారే తప్ప ఏమీ అనలేదు. రైళ్ళ మధ్య పుట్టి పెరిగిన వాళ్ళకు పెట్టె కనిపిస్తే ఎక్కడమే తెలుసు. నేనూ ఎక్కాను.

ఇంకా ఊరు దాటకముందే, పూరీ గేట్ దగ్గర గుంతల్లో దిగి లేచినప్పుడు వెనకభాగం ఒకసారి పక్కకు జరిగినట్టనిపించింది. గొలుసు లాగాను. జీపు వెంటనే ఆగింది. ముందునుంచి తపన్ గొంతు, "బౌదీ!" అని, వెనకే నవ్వు. అత్తయ్య నవ్వలేదు. దిగి, చక్రాల నట్లు ఒక్కొక్కటే వేలితో కదిపి చూసింది. జీపుకు తగిలించిన కొక్కెం చూసింది, దాని పిన్ను చూసింది. "అన్నీ బాగున్నాయి" అని మళ్ళీ ఎక్కి కూర్చుంది. అంతే. అయినా నా చెవులు వేడెక్కిపోయాయి.

ఊరి శివార్లలోని నిమ్‌పురాలో ఆమె పాత స్నేహితురాలి క్వార్టర్ దగ్గర ఆగి, ట్యాంకు నిండా నీళ్ళు పట్టాం. అక్కడినుంచి హైవే ఎక్కాం. రోడ్డు నున్నగా ఉంది, శ్రీను వేగం పెంచాడు. జాను కిటికీలోంచి సాల్ చెట్లను చూస్తూ ఏదో పాడుకుంటోంది. కాసేపటికి ట్యాంకులో నీళ్ళు అటూ ఇటూ కొట్టుకునే చప్పుడు మొదలైంది. తరువాత గట్టు మీది గిన్నెలు ఒకవైపు జారాయి. మళ్ళీ రెండో వైపు జారాయి. పూరీ గేట్ దగ్గరిలాగా ఒక్కసారి కదిలి ఊరుకోవడం కాదు. కుక్క తోకాడించినట్టు పెట్టె వెనకభాగం ఎడమకూ కుడికీ ఊగుతోంది.

"అత్తయ్యా, ఊగుతోంది."

"కొత్త పెట్టె. నలగాల" అంది ఆమె. కానీ చెయ్యి మాత్రం బల్ల అంచును పట్టుకుంది.

పక్కనుంచి ఒక లారీ మమ్మల్ని దాటిపోయింది. ఆ గాలికి పెట్టె మొత్తం ఒక్క ఊపు ఊగింది. మూత పెట్టిన కుక్కరు నేలమీద పడి దొర్లింది. జాను పాట ఆపేసి నా మెడ పట్టుకుంది. గొలుసు లాగాను. జీపు ఆగలేదు. మళ్ళీ లాగాను. పెట్టె ముందువైపు అద్దంలోంచి చూస్తే తపన్ వెనక్కి తిరిగి, నవ్వుతూ, ఏం కాదన్నట్టు చెయ్యి ఊపాడు. శ్రీను తలైనా తిప్పలేదు. పొద్దున ఒకసారి ఉత్తినే లాగిన మనిషిని నేను. గంట మోగుతూనే ఉంది, వాళ్ళకది నా గొంతులాగే వినపడుతోంది.

"అమ్మా, దిగుదాం" అంది జాను. ఎక్కడికి దిగుతాం?

అప్పుడు అత్తయ్య నా ముఖంలోకి చూసింది. పెట్టెను చూడలేదు, ట్యాంకును చూడలేదు, నన్నే చూసింది. ఆ చూపును ఈనాటికీ మరిచిపోలేను. నెలల తరబడి తాను చేతులారా కట్టినదానికీ, ఎదురుగా పిల్లను పొదివి పట్టుకున్న మనిషికీ మధ్య ఆమె ఏదో తేల్చుకుంటోంది. ఎంతోసేపు పట్టలేదు.

"నడుం పట్టుకో నన్ను. ఒదలకు" అంది.

కుడివైపు కిటికీ పైకెత్తి, బల్ల మీద మోకాళ్ళూని, నడుం దాకా బయటికి వంగింది. లారీలు దాటివెళ్ళే వైపు అది. జానును నా మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, రెండు చేతులతో ఆమె నడుం చుట్టేశాను. పెట్టె ఊగినప్పుడల్లా ఆమె బరువంతా నా చేతుల్లోకి వచ్చి పోయేది. బయట గాలికి ఆమె కొంగు నా ముఖానికి కొట్టుకుంటోంది. వెనక ఏదో హారన్. ఆమె దేన్నీ పట్టుకోలేదు. రెండు చేతులూ తల మీదుగా నిటారుగా పైకెత్తింది.

జెండా లేనప్పుడు రెండు చేతులూ అలా ఎత్తితే ముందు ప్రమాదం ఉంది, ఆపు అని అర్థం. రైల్వే కాలనీ పిల్లలు అది పట్టాల పక్కన ఆటల్లోనే నేర్చుకుంటారు. గంటను లెక్కచేయని శ్రీను, పక్క అద్దంలో తల్లి చేతులు చూశాడు. యాక్సిలరేటర్ మీద కాలు తీశాడు. జీపు నెమ్మదించింది, పెట్టె ఇంకో రెండు ఊపులు ఊగి, చివరికి రోడ్డు పక్క మట్టిలోకి ఏటవాలుగా దిగి ఆగింది. నా చేతులు విడిపోవడం లేదు. అత్తయ్యే ఒక్కో వేలూ తీసింది.

శ్రీను పరుగెత్తుకొచ్చాడు. "ఏటైందమ్మా?"

"గంట మోగినాదా?"

"మోగినాది. పొద్దున ఊరికే లాగినాది గదా, ఇదీ అలగే అనుకున్నాను."

"గొలుసు లాగితే ముందు బండి ఆపాల. ఎందుకు లాగినారో ఆపినాక అడగాల. రైలోడి కొడుకువి, ఇది నానీరోజు నీకు సెప్పాలేటి?" ఆమె గొంతు పెద్దదేమీ కాదు. "పొద్దున ఊరికే లాగినాదంటావు. సూసినాం, బాగున్నాది. సూడ్డం ఊరికే ఎలగవుద్దిరా?"

తపన్ "మాశీమా, నాదే తప్పు, నేనే ఆపొద్దన్నాను" అని హిందీలో గొణిగాడు. ఆమె వినిపించుకోలేదు. పెట్టె ముందుకు వెళ్ళి కొక్కెం పిన్ను తీసి, పెట్టెను జీపుకు తగిలించే కడ్డీ కింద చెయ్యి వేసి ఎత్తింది. ఇద్దరు మగవాళ్ళు ఎత్తాల్సిన కడ్డీ, పూలబుట్టలాగా ఒంటిచేత్తో లేచింది. దాన్ని అలాగే పట్టుకుని కొంచెంసేపు నిలబడింది. తరువాత తల తిప్పి, వెనక చివరనున్న ట్యాంకు వైపు చూసింది.

"రైలుపెట్టెకి రెండు కొసలా సక్రాలుంటాయి. ఏ మూల ఎంత బరువెట్టినా మోస్తాయి" అంది నెమ్మదిగా. "దీనికి నడుమనే ఉన్నాయి. తోక బరువైపోయి ముక్కు లేచిపోయినాది. ముక్కు తేలికైతే తోక ఊగక ఏటి సేస్తాది? నాను రైలుపెట్టె కట్టీసినాను. తప్పు నాదే."

ఆమె వెనక్కి నడిచి ట్యాంకు కొళాయి తిప్పేసింది. నీళ్ళు ఎర్రమట్టిలో పాయలుగా పారుతుంటే జాను గంతులేయడం మొదలుపెట్టింది. చీర తడిసి, మోచేయి దగ్గర కిటికీ అంచు కోసుకున్న గీత నుంచి రక్తం కారుతుంటే అత్తయ్య అక్కడే నిలబడి, ట్యాంకు ఖాళీ అయ్యేదాకా చూసింది.

"ఇంక ఇంటికి పోదాం" అన్నాడు శ్రీను.

"నువ్వు కాదు. సుధమ్మ సెప్పాల" అంది ఆమె. "ఏటమ్మా? ఎల్దామా, మళ్ళిపోదామా?"

నా పెళ్ళయిన తరువాత, బహుశా అంతకుముందు కూడా, నా భయాన్ని ఎవరూ సలహా అడగలేదు. నాకు తోచినవన్నీ చెప్పాను. సామానంతా పెట్టెలో ముందువైపుకు చేర్చాలి. మనుషులందరం జీపులోనే కూర్చోవాలి. మెల్లిగా వెళ్ళాలి. మళ్ళీ ఊగితే, ఊగినట్టు నాకనిపించినా సరే, అక్కడినుంచే వెనక్కి తిరగాలి. "ఠీక్ హై" అంది అత్తయ్య, మేస్త్రీతో అన్నట్టుగా. శ్రీను, తపన్ సామాను ముందుకు మోశారు. దారంతా నేను వెనక్కి తిరిగే కూర్చున్నాను. పెట్టె బుద్ధిగా వెంట వచ్చింది.

ఏటి ఒడ్డున అన్నం ఆలస్యమైంది, పప్పు కొంచెం మాడింది. శ్రీను జానును ఎత్తుకుని నీళ్ళ దాకా వెళ్ళి, తిరిగొచ్చి, నా పక్కన కూర్చుని ఏదో చెప్పబోయి, నా కంచంలో చేపముక్క వేశాడు. అత్తయ్య ఇసుకలో కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఆమె మోచేతికి నా రుమాలు కట్టాను. కట్టించుకుంటూ అంది, "నీకు ముందే తెలిసినాది. నువ్వు కట్టనేదు గాబట్టి తెలిసినాది. నాకు తెలియడానికి నా సేత్తో కట్టినదాన్ని కాదనుకోవాల్సొచ్చినాది." రుమాలు ముడి సవరించుకుంటూ, "అది కష్టమే సుధమ్మా" అంది.

తరువాతి నెలంతా పెట్టెను మళ్ళీ విప్పింది. ట్యాంకు దించి చక్రాల ముందుకు, నేలబారుకు తెచ్చింది. లోపలి బల్లలను ఆగినప్పుడు మాత్రమే వేసుకునేలా మార్చింది. ఒక్కో పని అయినప్పుడల్లా పెరట్లోంచి కేకేసేది. "సుధమ్మా, ఓపాలొచ్చి భయపడి ఎల్లు!" నేను పిండి చేతులతోనే వెళ్ళి చుట్టూ తిరిగేదాన్ని. ఈ బోల్టు ఊడితే? ఈ తలుపు దారిలో తెరుచుకుంటే? పిల్ల ఈ అంచు పట్టుకుంటే? ఆమె ముసుగు అద్దం పైకి నెట్టి, నేను అడిగినదాన్ని వింటూ, కొన్నిటికి తలూపేది. కొన్నిటికి "అదేటవ్వదు, పో" అనేది. చూసిన తరువాతే అనేది. చూడకుండా అన్నది ఒక్కటీ లేదు. ఆ తరువాత ఆ పెట్టెను చాలా చోట్లకు లాక్కెళ్ళాం. ఆమె ఆగాలన్న చోటల్లా ఆగాం.

ఆమె ఊపిరితిత్తులు పాడయ్యాయని తెలిసిన రోజుల్లో కూడా, ఆసుపత్రి మంచం మీదినుంచి నన్నే అడిగేది, "నీకేటనిపిస్తంది?" అని. నాకు భయమేస్తోందని చెప్పేదాన్ని. "అలగైతే డాక్టర్ని మళ్ళీ పిలు" అనేది. ఆ చివరి భయం నిజమే అయింది. చూసుకోవాల్సినదంతా చూసుకున్నాం. అయినా ఆమె మిగల్లేదు. ఎంత చూసినా ఆగనివి కూడా ఉంటాయని ఆమె నాకు నేర్పలేదు. అది నేనే నేర్చుకోవాల్సి వచ్చింది.

జాను ఇప్పుడు బడికి వెళ్తోంది. పోయిన వారం పొద్దున పిల్లల్ని ఎక్కించుకుని స్కూలు వ్యాను కదిలింది. వెనక తలుపు పడిన చప్పుడు నాకు ఎప్పటిలా వినిపించలేదు. నేను వ్యాను ముందుకు వెళ్ళి నిలబడ్డాను. డ్రైవరు బ్రేకు వేసి తల బయటపెట్టాడు. "క్యా హువా దీదీ? దేర్ హో రహీ హై!" ఆలస్యమవుతోందని అతని కోపం. పక్కనున్న తల్లులు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. తలుపు ఒకసారి తెరిచి వేయమన్నాను. అతను గొణుక్కుంటూ దిగి, తెరిచి, వేశాడు. చెయ్యి పెట్టి లాగి చూశాను. గట్టిగానే పడింది. అంతకుముందు కూడా గట్టిగానే పడి ఉంటుంది.

"దేఖా? కుఛ్ నహీ థా" అన్నాడతను.

"అవును, ఏమీ లేదు. ఇప్పుడు వెళ్ళండి" అన్నాను. క్షమించమని అనలేదు. కిటికీలోంచి జాను చెయ్యి ఊపుతుంటే, నేనూ ఊపి, రోడ్డు పక్కకు జరిగి దారి ఇచ్చాను.